చక్రపాదుకల బంధనములు: మన్నిక, భంగము

నిర్వచనము, పరిధి

పాదరక్షను చక్రములుగల పీఠమునకు బిగించి ఉంచు సాధనములనన్నింటిని కలిపి చక్రపాదుక బంధనము అనవచ్చును. మంచులేని ఋతువులయందు తారురోడ్లపై స్కీ సాధన చేయువారు తొడుగుకొను రోలర్ స్కీలలో ఈ బంధనము బూటును మునివేళ్ళకడ మాత్రమే పట్టుకొని, మడమను స్వేచ్ఛగా పైకి లేవనిచ్చును. రింకులలోను వీథులలోను పిల్లలు తొడుగుకొను రోలర్ స్కేట్లలోనైతే బూటు అడుగుభాగమంతయు ప్లేటునకో ఫ్రేమునకో బోల్టులతో కదలకుండ కూర్పబడి యుండును. మొదటిది కదలికకై ఏర్పడినది. రెండవది కదలిక లేకుండుటకై ఏర్పడినది. అయినను రెండింటను మనుష్యుని బరువు, వేగము, మలుపునందలి ఒత్తిడి అన్నియు కొద్దిపాటి లోహమునందో ప్లాస్టిక్కునందో నిలిచిన రెండు మూడు బోల్టుల మీదుగనే చక్రమునకు చేరుచున్నవి గనుక, వాటి మన్నికకును భంగమునకును కారణములు చాలవరకు సమానములు.

తెలుగుదేశమున మంచు కురియదు. స్కీ విద్యకు ఇచ్చట తావు లేదు. రోలర్ స్కేటింగు మాత్రము హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు నగరములందు బాగుగ వేరూనినది. కావున ప్రస్తుత వ్యాసమున రోలర్ స్కీ బంధనముల స్వరూపమును తెలిపి, వాటి భంగమును గూర్చిన విజ్ఞానమును హైదరాబాదు నగరమున అశోక్‌నగరు, చిక్కడపల్లి, నారాయణగూడ, ముషీరాబాదు పేటలకు చేరువనున్న ఇందిరా పార్కు రింకు వంటి చోట్ల వాడుకలోనున్న స్కేట్లకు అన్వయించి చూపుట జరిగినది.

చరిత్ర

చక్రములుగల పాదుకలు ఐరోపాఖండమున 18వ శతాబ్దమున పుట్టినవి. నేటి బెల్జియమునందలి హుయ్ పట్టణమున జన్మించి లండనులో స్థిరపడిన జాన్ జోసెఫ్ మెర్లిన్ అను వాద్యయంత్ర నిర్మాత అట్టి పాదుకలను ధరించి, వయొలిను వాయించుచు ఒక వేడుకకు వచ్చి, వేగమును అదుపు చేయుటకును దిశను మార్చుటకును ఉపాయము లేక విలువైన నిలువుటద్దమును ఢీకొని గాయపడెనని చెప్పుదురు. 1819లో ఫ్రాన్సునందు పెటిబ్లెద్ అనునతడును, 1823లో లండనునందు రాబర్ట్ జాన్ టైయర్స్ అనునతడును ఒకే వరుసలో చక్రములను అమర్చిన పాదుకలకు పేటెంట్లు పొందిరి. ఆ కాలపు పాదుకలలో చక్రములున్న పలకను కాలికి కట్టుటకు పట్టీలే ఆధారము. పట్టీ సాగును, జారును, తెగును. కాని తెగుటకు ముందే వదులై హెచ్చరించును.

1863లో అమెరికా దేశీయుడైన జేమ్స్ లియొనార్డ్ ప్లింప్టన్ రెండు జతల చక్రములను రబ్బరు దిండ్లపై నిలిపి, దేహమును ఒకవైపునకు వాల్చినంతనే పాదుక ఆ వైపునకు మలుగునట్లు చేసెను. నేటి నాలుగు చక్రముల స్కేటునకు ఇదియే మూలము. మలుగుట సుకరమైనది; దానితోపాటు మలుపునందలి బలమంతయు ఇరుసును ప్లేటుతో కలుపు ఒకే బోల్టుపై పడసాగినది. 1884లో లెవాంట్ రిచర్డ్సన్ ఉక్కుగుండ్ల బేరింగులుగల స్కేటు చక్రములకు పేటెంటు పొందెను, వేగము హెచ్చినది. అటు తరువాత చాలకాలము సామాన్యుల స్కేట్లు మామూలు బూట్లకే ఉక్కుకొక్కెములతో బిగించుకొని, తాళపుచెవి వంటి పానాతో త్రిప్పుకొనునవిగా ఉండెడివి. బూటును ప్లేటుకు శాశ్వతముగ కూర్చు పద్ధతి క్రమముగ వాటిని తొలగించెను.

1970 దశకమున పాలీయురిథేను చక్రములు వచ్చుట బంధనముల చరిత్రలో గొప్ప మార్పు. లోహపు చక్రము, కర్రచక్రము, మట్టిచక్రము బలము మితిమీరినప్పుడు నేలపై జారెడివి. పాలీయురిథేను నేలను పట్టుకొనును. జారుటచే పూర్వము వ్యర్థమైపోయిన బలము ఇప్పుడు చక్రమునుండి ఇరుసునకు, ఇరుసునుండి బోల్టునకు, బోల్టునుండి బూటునకు తప్పక చేరుచున్నది. చక్రము మెరుగైన కొలది బంధనముపై భారము పెరిగినదన్నమాట. 1980 దశకమున అమెరికాలోని మిన్నియాపొలిస్ నగరమునకు చెందిన ఓల్సన్ సోదరుల పూనికవలన ఒకే వరుస చక్రముల స్కేటు, అనగా ఇన్‌లైను స్కేటు, తిరిగి ప్రచారమునకు వచ్చినది. వారు మంచుహాకీ ఆటగాండ్రు. మంచు లేని దినములలో సాధనకై దానిని చేపట్టిరి.

రోలర్ స్కీ పుట్టుకకు కారణమును ఇట్టిదే. దాని బంధనము మాత్రము మంచు స్కీ బంధనమునుండి వచ్చినది. నార్వే దేశీయుడైన బ్రోర్ విత్ 1927లో రూపొందించిన రోటెఫెల్లా బంధనమున బూటు ముందంచునందలి మూడు రంధ్రములలోనికి మూడు ముండ్లు దిగి, పైనుండి ఒక కమ్మీ నొక్కి పట్టెడిది. ఇది అర్ధశతాబ్దము పాటు స్కీయర్లకు ప్రమాణమై నిలిచినది. 1970 దశకాంతమున సలొమన్ సంస్థ ఎస్.ఎన్.ఎస్. పద్ధతిని, 1980 దశకపు నడుమ రోటెఫెల్లా సంస్థ ఎన్.ఎన్.ఎన్. పద్ధతిని ప్రవేశపెట్టగా, బూటు క్రింద అడ్డముగ నున్న ఉక్కుకడ్డీని దవడ వంటి కొక్కెము పట్టుకొను విధానము వ్యాపించినది. రోలర్ స్కీలపై నేడు కానవచ్చునవి ఈ వంశమునకు చెందినవే.

రకములు

రోలర్ స్కీ బంధనము: అల్యూమినియముతోనో, గాజునార కార్బనునార మిశ్రమములతోనో చేసిన పొడవాటి దండమునకు ముందొక చక్రము వెనుకనొక చక్రము ఉండును, దండము నడుమ బంధనమును స్క్రూలతో బిగింతురు. అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డు సమాఖ్య పోటీలలో ముందువెనుక చక్రముల ఇరుసుల నడుమ దూరము 530 మి.మీ.లకు తక్కువ కాకూడదు. చక్రపు వ్యాసము 100 మి.మీ.లకు మించరాదు. బంధనమునందు కడ్డీని పట్టు కొక్కెము, దానిని తెరచు మీట, మడమ లేచునప్పుడు ఒత్తుకొని తిరిగి బూటును క్రిందికి నెట్టు రబ్బరు వంటి దిమ్మె, బూటు ప్రక్కకు జరుగకుండ ఆపు పొడవాటి గట్లు ప్రధానాంగములు. కొండవాలులపై జారు స్కీల బంధనములు నిర్ణీతమైన బలము దాటగనే విడివడి కాలిని రక్షించును. రోలర్ స్కీ బంధనమునకు అట్టి ఏర్పాటు లేదు. మీట తెరచునంతవరకు అది బూటును వదలరాదు, పడినప్పుడును వదలదు. అందుచేత అది తనంత తాను విడివడుట సౌకర్యము గాదు, భంగము.

నాలుగు చక్రముల స్కేటు: దీనిని క్వాడ్ అందురు. బూటు అడుగున నైలానుతోగాని, అల్యూమినియముతోగాని, మెగ్నీషియము మిశ్రమముతోగాని చేసిన ప్లేటు ఉండును. ప్లేటునుండి వాలుగా దిగిన కింగ్‌పిన్ను అను బోల్టు, దాని చుట్టును కుషనులనబడు రెండు రబ్బరు దిండ్లు, వాటి నడుమ చక్రములను మోయు ట్రక్కు, ట్రక్కు ముక్కు కూర్చుండు పివట్ కప్పు కలసి మలుపునకు తోడ్పడును. కింగ్‌పిన్ను వాలు 10 డిగ్రీలు మొదలు 45 డిగ్రీల వరకు ఉండును. వాలు హెచ్చిన కొలది స్కేటు సులభముగ మలుగును. పిల్లలకై కాలి కొలతను బట్టి పొడిగించుకొను ప్లేట్లును కలవు. వాటిలో ముందుభాగము వెనుకభాగము వేరువేరు రేకులై, నడుమ ఒక్క బోల్టుతో కలియును. ఆ బోల్టే వాటి మర్మస్థానము.

ఇన్‌లైను స్కేటు: చక్రములన్నియు ఒకే అల్యూమినియము ఫ్రేమునందు వరుసగ నిలుచును. ఫ్రేమును బూటుకు సాధారణముగ ముందొకటి వెనుకనొకటిగ రెండు 6 మి.మీ. బోల్టులు పట్టుకొనును. వాటి నడుమ దూరము 165 మి.మీ., 195 మి.మీ. అను రెండు ప్రమాణములు విశేషముగ వాడుకలో నున్నవి. వేగపు పందెములకు తొడుగు కార్బనునార బూట్లలో మరలుగల లోహపు దిమ్మెలు అడుగున పొదుగబడి యుండును. ఫ్రేమును ఇటునటు జరుపుకొనుటకు వీలుగ రంధ్రములు నిడుపుగ నుండును.

బంధనముపై పడు భారములు

నిలుచున్న మనుష్యుని బరువు బంధనమునకు లెక్కలోనిది కాదు. భంగము కలిగించునది మరలమరల మారుచుండు భారము. రోలర్ స్కీపై గాని, ఇన్‌లైను స్కేటుపై గాని ఒక్కొక్క తోపునకు నాలుగేసి మీటర్లు సాగునని ఉదాహరణమునకు అనుకొన్నచో, ఒక కిలోమీటరునకు 250 తోపులు, ఒక్కొక్క పాదమునకు 125 అగును. దినమునకు 20 కిలోమీటర్ల చొప్పున 300 దినములు సాధన చేసినవాని ఒక్కొక్క బంధనము ఏటికి 7,50,000 సార్లు బరువెక్కి బరువు దిగును. ఇది తోపుల లెక్క మాత్రమే. నేల గరుకుదనమువలన కలుగు కంపము దీనికి అదనము. 100 మి.మీ. వ్యాసముగల చక్రము గంటకు 20 కిలోమీటర్ల వేగమున సెకనునకు రమారమి 18 సార్లు తిరుగును గనుక, చక్రముపై ఒక్కచోట చదునైన మచ్చ ఉన్నను అది సెకనునకు 18 చిన్న దెబ్బలై బంధనమును తాకును.

మంచుపై స్కీ బంధనము ఎరుగని బాధ ఇదియే. మంచు మెత్తనిది, కంపమును తనలో ఇముడ్చుకొనును. తారురోడ్డు ఇముడ్చుకొనదు. మంచునకై రూపొందిన బంధనమునే దండముపై బిగించి వేసవిలో వాడినప్పుడు అది శీతకాలమునందుకన్న త్వరితముగ సడలుటకు ఇదొక ముఖ్యకారణము.

కళాత్మక స్కేటింగునందు భారము వేరొక రూపము దాల్చును. ఎగిరి, గాలిలో చుట్లు తిరిగి, ఒంటికాలిపై దిగునప్పుడు దేహపు బరువునకు పెక్కురెట్ల బలము క్షణమాత్రమున ఒక్క ట్రక్కుపై పడును. దిగుట కొంచెము వంకరయైనను కింగ్‌పిన్ను వంగుటకు లోనగును. వేగపు పందెములందు మలుపున ప్రక్కబలము ఫ్రేమును బూటునుండి పెకలించుటకు యత్నించును. హాకీయందు రెండును కలియును. పైపెచ్చు కర్రదెబ్బలు, తాకిళ్ళు తోడగును.

భంగము కలుగు తీరులు

సడలుట: బంధనముల భంగములలో అధికభాగము బోల్టు విరుగుటతో కాక, బోల్టు సడలుటతో ఆరంభమగును. దీనిని గట్టిగ చెప్పవలసియున్నది. ఏలన, విరిగిన బోల్టును చూచినవారు ఉక్కు మంచిది కాదని నిందింతురే కాని, అది విరుగుటకు ముందు కొన్ని వారములు వదులుగ ఉండెనని గుర్తింపరు. బిగించిన బోల్టు కించిత్తు సాగి, తాను కలిపిన రెండు భాగములను ఒకదానికొకటి అదిమి పట్టును. ఆ అదుము ఉన్నంతవరకు ప్రక్కబలములను భాగముల నడుమ ఘర్షణమే మోయును. బోల్టునకు మారుభారము స్వల్పముగనే తెలియును. అదుము తగ్గినంతనే భాగములు ఒకదానిపై నొకటి జరుగ నారంభించును. బోల్టు ప్రతి తోపునకు వంగి లేచును. ఉక్కు అదే, మనుష్యుడు అతడే, రోడ్డు అదే. భారము మాత్రము పెక్కురెట్లు పెరిగినది.

అదుము తగ్గుటకు కారణములు అనేకములు. కంపమువలన నట్టు వెనుకకు తిరుగుట ఒకటి. తోలు అడుగుగల బూట్లలో, క్రొత్తగ బిగించిన తోలు కొన్ని గంటల వాడుకలోనే అణగి పలుచనగుట రెండవది; అందుచేతనే క్రొత్త స్కేట్లను మొదటి కొన్ని సాధనల పిదప మరల బిగింపవలెను. నైలాను ప్లేటు బోల్టు తల క్రింద నిరంతరపు ఒత్తిడికి మెల్లగ లోబడుట మూడవది. ఎండవేడికి అది మరింత త్వరితమగును. నైలాను వలయముగల నట్టును పదేపదే ఊడదీసి బిగించుటచే ఆ వలయము పట్టు కోల్పోవుట నాలుగవది.

లోహశ్రాంతి: ఇనుపతీగను ఒక్కసారి వంచిన తెగదు, అటునిటు పలుమారులు వంచిన తెగును. ఒక్కసారికి చాలని బలమే లక్షసార్లు పడిన చాలును. 19వ శతాబ్దమున జర్మనీలో ఆగస్ట్ వోలర్ అను ఇంజనీరు విరుగుచున్న రైలుబండ్ల ఇరుసులను ఏండ్లతరబడి పరీక్షించి ఈ ధర్మమును లెక్కకు తెచ్చెను. ఉక్కునకు ఒక హద్దు కలదు. భారము ఆ హద్దునకు లోబడి యున్నంతవరకు ఎన్ని కోట్ల సార్లు పడినను సాధారణముగ ప్రమాదము లేదు. అల్యూమినియమునకు అట్టి స్పష్టమైన హద్దు లేదు. చిన్న భారమైనను చాలసార్లు పడినచో ఏనాటికైన బీట పుట్టవచ్చును. అల్యూమినియము ఫ్రేమునకు ఆయుర్దాయము కలదనియు, చూపునకు మెరయుచున్నంత మాత్రమున అది క్రొత్తది కాదనియు దీనివలన తెలియవలెను.

బీట సాధారణముగ మూలలో పుట్టును: మర అడుగున, రంధ్రపు అంచున, బోల్టు తల మెడకడ, గీత పడినచోట. విరిగిన కింగ్‌పిన్నును వెలుతురునకు పట్టి చూచినయెడల దాని చరిత్ర అంతయు ఆ ముఖముననే కనబడును. ఒక అంచున, మర అడుగునుండి మొదలై, నునుపైన మసకరంగు ప్రదేశము ఉండును. అందు సన్నని వంపుగీతలు ఒకదాని వెనుక ఒకటిగ లోనికి జరిగియుండును. అది నెలలతరబడి మెల్లగ సాగిన బీట. తుప్పు గోధుమవర్ణము కూడ అచ్చట కలిసియున్నచో ఒక వర్షాకాలము ఆ బీటలోనికి నీరు దిగినదని అర్థము. ఆవలి అంచున మిగిలిన కొద్దిపాటి భాగము గరుకుగ, గింజలు గింజలుగ, తళతళలాడుచు నుండును. అది చివరి క్షణమున ఒక్కసారిగ విరిగినది. నునుపు భాగము ఎంత ఎక్కువైన, బోల్టు అంత ఓర్పుతో మోసినదనియు, పరీక్షించువారికి అంత వ్యవధి దొరికినదనియు గ్రహింపవలెను.

మరలు అరుగుట: అల్యూమినియము మెత్తనిది, ఉక్కుబోల్టును దానియందు అతిగ బిగించినచో మరలు చీలి ఊడివచ్చును. బోల్టు పొట్టిదైన కొన్ని మరలే పట్టుకొనును. పొడవైనచో రంధ్రపు అడుగును తాకి ఆగిపోవును. చేతికి బిగిసినట్లు తోచును గాని భాగములు అదుమబడవు. రోలర్ స్కీ దండములయందు ఇదే దోషము వేరు రూపమున కనబడును. మంచు స్కీకి ఉద్దేశించిన స్క్రూలు దండపు పలుచని గోడయందు చాలినంత పట్టు దొరకక, వేయి తోపులకో పదివేల తోపులకో లేచివచ్చును.

కొక్కెము, కడ్డీ అరుగుట: ఇది రోలర్ స్కీకి ప్రత్యేకము. రోడ్డుదుమ్ము కొక్కెములోనికి చేరి, ఉక్కుకడ్డీకిని దవడకును నడుమ ఆకురాయివలె పనిచేయును. కొంతకాలమునకు బూటు కడ్డీపై, దవడ పట్టినచోట, గోటికి తగులునంత గాడి ఏర్పడును. బూటు ప్రక్కకు ఊగుచున్నదని బంధనమును మాత్రమే మార్చువారు పలువురు. గాడిపడిన కడ్డీ ఉన్నంతవరకు క్రొత్త బంధనమునందును ఆ వదులు పోదు, సరికదా క్రొత్త దవడ సయితము త్వరితముగ అరుగును. మీటలోని చిన్న స్ప్రింగు తుప్పుపట్టి బలము తగ్గినచో, చేతికర్ర తాకినంతనే మీట తెరచుకొనవచ్చును.

ప్లాస్టిక్కు, రబ్బరు క్షీణించుట: సూర్యకాంతిలోని అతినీల కిరణములు ప్లాస్టిక్కు పైపొరను పెళుసుబరచును, సన్నని తెల్లని గీతలు దానికి సూచన. కుషను రబ్బరు గట్టిపడి పగిలినచో, ట్రక్కు మెత్తగ ఒరుగుటకు మారు ఒక్కసారిగ ఆగి కింగ్‌పిన్నును కొట్టును. పాలీయురిథేనులో ఒక జాతి గాలిలోని తేమతో జలవిశ్లేషణము చెంది, వాడకున్నను, అటకపైని పెట్టెలో పెట్టినచోటనే పిండియై రాలును. అన్నయ్య విడిచిన స్కేట్లను ఐదారేండ్ల తరువాత తమ్మునికి తొడిగించునప్పుడు దీనిని గమనింపవలెను.

తుప్పు: ఉక్కును అల్యూమినియమును తడియందు కలసియున్నచో అల్యూమినియము క్షయించి తెల్లని పొడి పుట్టును. కార్బనునారకును అల్యూమినియమునకును ఈ వైరము మరింత తీవ్రము. చెమటయందలి ఉప్పు దానికి తోడ్పడును. కార్బను బూటు క్రింద ఫ్రేము తాకుచోట తెల్లని పొడి కనబడుటకు కారణమిదియే.

హైదరాబాదు పరిస్థితులు

ముషీరాబాదునకు చేరువన, అశోక్‌నగరును ఆనుకొని దోమలగూడయందున్న ఇందిరా పార్కునకు 1975లో నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేసెను. 1978లో అది ప్రజలకు తెరువబడినది. 76 ఎకరముల ఆ ఉద్యానమునందలి స్కేటింగు రింకు నగరపు పిల్లలకు చిరపరిచితము. నగరవాసియైన అనూప్ కుమార్ యామా 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పురుషుల కళాత్మక స్కేటింగునందు కాంస్యపతకమును, అవనీ పంచాల్‌తో కూడి జంటల విభాగమున మరియొక కాంస్యమును గెలిచెను. 2015 సంవత్సరపు అర్జున పురస్కారము ఆయనకు లభించినది. ఆసియా క్రీడలలో రోలర్ క్రీడలకు తొలిసారిగ స్థానము కలిగినది ఆ 2010లోనే.

బంధనముల మన్నికకు ఈ నగర వాతావరణము మూడు విధముల పరీక్ష పెట్టును. మొదటిది ఎండ. మే మాసమున గాలి వేడిమి 40 డిగ్రీలు దాటును. 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైనది. అట్టి దినములందు తారురోడ్డు ఉపరితలము గాలికంటె ఎంతో అధికముగ, 60 డిగ్రీల వరకును వేడెక్కును. గడ్డకట్టు చలియందు వాడుటకు ఎన్నుకొనబడిన ప్లాస్టిక్కులు ఈ వేడియందు మెత్తబడును. ఉక్కుకంటె అల్యూమినియము రమారమి రెట్టింపు వ్యాకోచించును గనుక, కారు డిక్కీలోను స్కూటరుపైని ఎండకు వదలిన స్కేట్ల బోల్టుల బిగింపు పగటికిని రాత్రికిని ఒకతీరుగ నుండదు.

రెండవది దుమ్ము. ఈ నగరము గ్రానైటు శిలలపై నిలిచినది. ఆ శిలలనుండి పుట్టిన ఇసుకలో బేరింగు ఉక్కునుగూడ గీయగల స్ఫటికపు రేణువులు కలవు. రింకు అంచున చెట్లక్రింద పేరుకొన్న మట్టి, సిమెంటు నేల అరిగిన పొడి చక్రములతో లేచి పివట్ కప్పులోనికి, బేరింగులోనికి చేరును. పివట్ కప్పు అరిగినచో ట్రక్కు ముక్కు దానియందు కదలాడును. ఆ కదలిక కింగ్‌పిన్నుపై వంపుగ పరిణమించును. కప్పు చౌక, కింగ్‌పిన్ను విరిగినచో పోవునది పండ్లు, మణికట్లు.

మూడవది వర్షాకాలము. నగరమున ఏటి వర్షపాతము రమారమి 800 మి.మీ.; అందు అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియును. వానలో తడిసిన స్కేట్లను సంచిలో కుక్కి మరునాటి సాయంకాలము వరకు విప్పకుండుట పిల్లలకు సహజము. బేరింగు, కింగ్‌పిన్ను మరలు, స్ప్రింగు ఆ ఒక్క రాత్రి చెడుటకు మొదలిడును. విశాఖపట్టణమున వుడా పార్కు రింకు సముద్రమునకు చేరువనుండుటచే అచ్చట వాన లేకున్నను గాలియందలి ఉప్పే ఈ పని చేయును. ఆ తీరమున బోల్టులను వెలికితీసి తుడుచుట హైదరాబాదులోకంటె తరచుగ జరుగవలెను.

పరీక్ష

సాధనకు పూర్వము చేయదగిన పరీక్ష కొద్ది నిమిషముల పని. స్కేటును తలక్రిందులు చేసి, ఒక చేత ప్లేటును, వేరొక చేత చక్రముల జతను పట్టి ప్రక్కకు కదపవలెను. కుషను ఒత్తుకొనుట మెత్తగ తెలియును. టిక్కుమను శబ్దము వినబడినచో పివట్ కప్పుగాని కింగ్‌పిన్నుగాని వదులైనది. క్వాడ్ ముందుభాగమున ఆగుటకై అమర్చిన స్టాపరును వ్రేళ్ళతో త్రిప్పి చూడవలెను. తిరిగినచో దాని నట్టు సడలినది. ఇన్‌లైను స్కేటునందు బూటును మోకాళ్ళనడుమ పట్టి ఫ్రేమును మెలిపెట్టి చూడవలెను. రోలర్ స్కీయందు బూటును బంధనములో ఇరికించి మడమను కుడియెడమలకు ఊపవలెను. బోల్టు తలపైనుండి ప్లేటు మీదికి రంగుతో ఒక గీత గీసి యుంచినచో, గీత రెండు ముక్కలైన దినమున బోల్టు తిరిగినదని పిల్లవాడైనను చెప్పగలడు. ఈ ఒక్క గీతకు మించిన సులభోపాయము లేదు.

బీటను కనుగొనుటకు పూర్వపు రైల్వే వర్కుషాపులవారి పద్ధతి నేటికిని చాలును. అనుమానింపబడిన భాగమును శుభ్రపరచి, కిరోసినులో కొంతసేపు ఉంచి, బాగుగ తుడిచి, పైని సుద్దపొడి పూయవలెను. బీట ఉన్నచో అందు దాగిన కిరోసిను మెల్లగ ఊరి సుద్దపై సన్నని తడిగీతయై నిలుచును. పరీక్ష పూర్తియైన పిదప రబ్బరు భాగములకు కిరోసిను అంటకుండ కడిగివేయుట అవసరము.

మరమ్మతు, విడిభాగములు

స్కేటు చక్రములలో సామాన్యముగ వాడు 608 బేరింగు 8 మి.మీ. లోపలి వ్యాసము, 22 మి.మీ. వెలుపలి వ్యాసము, 7 మి.మీ. మందము కలది, పెక్కు యంత్రములందు వాడునదే యగుటచే సికింద్రాబాదు రాణీగంజ్ బజారునందు సులభముగ దొరకును. బోల్టుల విషయమున ఆ సౌలభ్యమే అపాయమగును. 6 మి.మీ. బోల్టులన్నియు చూపునకొకటే; కాని తలపై 8.8 అని ముద్రగలదానికిని, 12.9 అని ముద్రగలదానికిని, ఏ ముద్రయు లేనిదానికిని బలమునందు చాల భేదము కలదు. ఊడినదానికి బదులు పాత బోల్టు ముద్రకు తక్కువ కానిదానినే వేయవలెను. ముద్ర లేని బోల్టును స్కేటుకు వాడరాదు.

ఆజమాబాదు పారిశ్రామికవాడ వంటిచోట్ల లేతుపై కింగ్‌పిన్నును తయారు చేయించుకొనుట కొందరికి తోచును. పనితనమున లోపము లేకున్నను, మెత్తని ఉక్కుతో చేసినది ఒకటి రెండు గెంతులకే వంగును. తగిన ఉక్కును ఎన్నుకొని వేడిచేసి గట్టిపరచినదైతేనే పనికివచ్చును. మరలు పోయిన రంధ్రమును పెద్దది చేసి ఉక్కుతీగచుట్టు మరను పొదుగుట విశ్వసనీయమైన మరమ్మతు. బీటపడిన అల్యూమినియము ప్లేటును వెల్డింగు చేయించుట అట్టిది కాదు. వేడికి చుట్టుప్రక్కల లోహము గట్టిదనమును కోల్పోవును గనుక, బీట మరల ఆ ప్రక్కనే పుట్టును. బీటపడిన ప్లేటును, ఫ్రేమును, వంగిన కింగ్‌పిన్నును వంపు తీసి వాడక, తీసివేయవలెను. వంపు తీయుట మరియొక వంపే.

ప్రాముఖ్యము

1955లో స్థాపితమైన భారత రోలర్ స్కేటింగు సమాఖ్య ఆధ్వర్యమున క్వాడ్, ఇన్‌లైను విభాగములందు బాలబాలికలకు వయస్సునుబట్టి పోటీలు జరుగుచున్నవి. 2023 అక్టోబరు 2న హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 3000 మీటర్ల వేగపు రిలే పందెమున భారత పురుషుల జట్టును, మహిళల జట్టును కాంస్యపతకములు గెలిచినవి. అట్టి స్థాయి క్రీడాకారులకు పరికరములను చూచుకొను అనుభవజ్ఞులు వెంటనుందురు. రింకునకు క్రొత్తగ వచ్చిన ఏడెనిమిదేండ్ల పిల్లలకు అట్టివారు లేరు. వారి స్కేట్లు తరచుగ ఒకరు వాడి విడిచినవి, సర్దుబాటు బోల్టు గలవి, ఎవరును ఒక్కసారియైన విప్పి చూడనివి. శిరస్త్రాణము, మోకాలి తొడుగు, మణికట్టు తొడుగు పడిన తరువాత కాపాడును. బంధనపు పరీక్ష పడకుండ కాపాడును. కావున పిల్లలను సాయంకాలము రింకునకు తీసికొనివచ్చు తలిదండ్రులు తమ స్కూటరు పనిముట్లతోపాటు సరియైన కొలత గల ఆలెన్ కీ ఒకటి, చిన్న పానా ఒకటి సంచిలో ఉంచుకొని, లేసులు కట్టుటకు ముందు ప్రతి బోల్టును ఒక్కమారు తడిమి చూడవలెనని మనవి.